వైపౌట్ ఒమేగా కలెక్షన్: గోడలకు తగలకుండా ఆడటం ఎలా

పోయిన వేసవిలో మా బావమరిది ఇంటర్వ్యూల కోసం నెల్లూరు నుంచి బెంగళూరు వచ్చి, మారతహళ్లిలో మా ఇంట్లోనే మూడు వారాలు ఉన్నాడు. పగలు ఇంటర్వ్యూలు, రాత్రి నా పాత పీఎస్4, అంటే టీవీకి పెట్టి ఆడే ప్లేస్టేషన్ 4 కన్సోల్. క్రికెట్, ఫుట్‌బాల్, కార్ రేసులు, ఏది పెట్టినా నన్ను చితక్కొట్టేవాడు. సరే చూద్దామని గాల్లో తేలే షిప్పుల రేసు ఆట వైపౌట్ పెట్టిచ్చాను. మూడు ల్యాపుల్లో వాడి షిప్ తగలని గోడ లేదు. "గోడలకు సున్నం వేస్తున్నావా?" అన్నాను. వాడు కంట్రోలర్ సోఫా మీద పడేసి, "దీనికి అసలు బ్రేకే లేదు బావా" అన్నాడు.

బ్రేక్ ఉంది. ఒకటి కాదు, రెండు. ఆ రెండూ చేతికి వచ్చేదాకా ఇది పిచ్చి ఆటలాగే కనిపిస్తుంది. వచ్చాక వదలబుద్ధి కాదు. వాడికి ఆ మూడు వారాల్లో నేర్పిందే ఇక్కడ రాస్తున్నాను. చాలా మంది గైడ్ అనగానే ఏ షిప్ మంచిది, ఏ ఆయుధం మంచిది అని మొదలుపెడతారు. ఆ రెండూ ఆఖరున చూసుకోవాల్సిన సంగతులు.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. వైపౌట్ 1995లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో పుట్టింది, చేసింది సైగ్నోసిస్ అనే స్టూడియో. మొదటి ప్లేస్టేషన్ యూరప్‌లో అడుగుపెట్టినప్పుడు దానితో పాటు వచ్చిన ఆటల్లో ఇదొకటి. చక్రాలుండవు, షిప్పులు నేలకు కాస్త పైన తేలుతూ పోతాయి, ఒకదాని మీద ఒకటి రాకెట్లు వేసుకుంటాయి. ఆ స్టూడియో తర్వాత స్టూడియో లివర్‌పూల్ అని పేరు మార్చుకుంది, 2012లో మూతపడింది. అక్కడితో కథ అయిపోయిందనుకున్నారు. ఐదేళ్లకు, 2017 జూన్‌లో, పీఎస్3లో వచ్చిన హెచ్‌డీ, దాని కొనసాగింపు ఫ్యూరీ, చేతిలో పట్టుకుని ఆడే వీటా కన్సోల్‌లో వచ్చిన 2048, మూడింటినీ కలిపి మెరుగుదిద్ది పీఎస్4కి ఒమేగా కలెక్షన్ పేరుతో తెచ్చారు. 26 ట్రాకులు, 46 షిప్పులు. సెకనుకు 60 ఫ్రేములు.

ముందు సామాను

పీఎస్4 ఉంటే చాలు. పీఎస్5లో కూడా ఆడొచ్చు. కానీ డిస్క్ కొనేముందు మీ పీఎస్5కి డిస్క్ పెట్టే చోటు ఉందో లేదో చూసుకోండి, డిజిటల్ ఎడిషన్‌కు ఉండదు. నవ్వకండి, మా ఆఫీసులో ఒకాయన డిస్క్ కొని తెచ్చి ఇంటికొచ్చాక కన్సోల్ చుట్టూ తిరిగాడు.

బెంగళూరులో సెకండ్‌హ్యాండ్ డిస్కులకు నేనైతే మెజెస్టిక్ దగ్గర గాంధీనగర్‌లో ఉన్న నేషనల్ మార్కెట్‌కే వెళ్తాను. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు, కాలు పెట్టే సందుండదు. డిస్క్‌ను వెలుతురుకు పెట్టి అడుగువైపు చూడండి. నడిమధ్య నుంచి అంచు దాకా పోయే సన్నటి గీతలకు అంత భయపడక్కర్లేదు. అంచు వెంబడి గుండ్రంగా తిరిగే లోతైన గీత కనిపిస్తే మాత్రం వద్దని చెప్పేయండి. కేబుళ్లకు ఎస్‌పీ రోడ్.

కంట్రోలర్ సెకండ్‌హ్యాండ్‌ది అయితే షాపులోనే కన్సోల్‌కు పెట్టించి రెండు పరీక్షలు చేయండి. ఎడమ స్టిక్ ముట్టుకోకుండా వదిలేయండి, మెనూలో ఏదైనా దానంతటదే కదిలితే డ్రిఫ్ట్ ఉన్నట్టే. తర్వాత వెనకవైపు ఎల్2, ఆర్2 మీటలు మెల్లగా నొక్కి వదలండి. స్ప్రింగ్ వదులైపోయిన ఆర్2తో ఏ ఆటైనా ఆడొచ్చేమో గానీ ఇది ఆడలేరు. మన బ్రేకులు అవే.

ఇంకొకటి కరెంటు. మే నెలలో సాయంత్రం వాన రాగానే మా వీధిలో కరెంటు రెప్పవేసినట్టు పోయి వస్తుంది. చాలా పీజీల్లో ఇన్వర్టర్ ఉన్నా అది లైట్లకు, ఫ్యాన్లకే, టీవీ ప్లగ్గుకు ఉండదు. సేవ్ అవుతున్నప్పుడు కన్సోల్ ఆగిపోతే బాధ మనదే. వైఫై రౌటర్‌కు పెట్టుకునే బుల్లి యూపీఎస్ దీనికి చాలదు, కంప్యూటర్‌ది కావాలి. లేదంటే ఉరుము వినిపించగానే మూసేయండి.

టీవీని సరిచేయడం

ఇది ఎవరూ చెప్పరు. టీవీలో పిక్చర్ మోడ్‌కి వెళ్లి "గేమ్" అని ఉన్నది పెట్టండి. మామూలు మోడ్‌లో టీవీ బొమ్మను నునుపు చేయడానికి, రంగులు దిద్దడానికి కొంత సమయం తీసుకుంటుంది. సినిమాకు తేడా తెలియదు. ఇక్కడ ఒక్కో ఫ్రేము సుమారు 17 మిల్లీసెకన్లు. టీవీ 100 మిల్లీసెకన్లు ఆలస్యం చేసిందనుకోండి, మీరు చూస్తున్నది ఆరు ఫ్రేముల కిందటి సంగతి. మలుపు కనిపించేసరికి మీ షిప్ అప్పటికే మలుపులో ఉంటుంది. బావమరిది మొదటి రోజు కష్టంలో సగం ఇదే. గేమ్ మోడ్ పెట్టగానే "ఇప్పుడు చెప్పిన మాట వింటోంది" అన్నాడు.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పేస్తాను. మెరుపులు, రంగులు విపరీతంగా మారే ఆట ఇది. 2008లో హెచ్‌డీ భాగం విడుదల ఆలస్యమైందే కాంతి మెరుపులకు ఫిట్స్ వచ్చేవారి కోసం చేసే పరీక్షలో నెగ్గకపోవడం వల్ల. ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉంటే ఈ ఆట జోలికి పోవద్దు. లేనివాళ్లు కూడా గదిలో ఒక లైటు వెలిగించుకునే ఆడండి.

మొదటి గంట: ఒంటరిగా, నెమ్మదిగా

కాంపెయిన్‌లోకి, అంటే ఆట వరుసగా పెట్టే పోటీల్లోకి, దూకకండి. ట్రాక్, వేగం మనమే ఎంచుకునే రేస్‌బాక్స్‌లోకి వెళ్లి టైమ్ ట్రయల్ తీసుకోండి. పక్కన ఇతర షిప్పులుండవు, మీ మీద ఎవరూ రాకెట్ వేయరు. ట్రాక్ వినేటా కె. వేగం వెనమ్, అంటే అన్నిటికన్నా తక్కువది. దాని పైన ఫ్లాష్, రేపియర్, ఫాంటమ్ వరుసగా ఉంటాయి. షిప్ ఫైసార్. దీనికి వేగం తక్కువ, కానీ చెప్పినట్టు తిరుగుతుంది. ఐకారస్ లాంటివి రూపం చూసి తీసుకున్నారో, గోడకు నాలుగుసార్లు తగలగానే పని అయిపోతుంది.

సెట్టింగుల్లో పైలట్ అసిస్ట్ అని ఒకటుంటుంది. గోడ దగ్గరికి పోతుంటే షిప్‌ను అదే కాస్త లోపలికి నెడుతుంది. మొదటి రోజు పెట్టుకోండి, సిగ్గు పడాల్సిందేమీ లేదు. ఫ్లాష్‌కు వెళ్లేటప్పుడు తీసేయండి. ఎందుకంటే వేగంగా పోయేటప్పుడు మీరు కావాలనే గోడను ఆనుకుని పోవాలి, అది మిమ్మల్ని పోనివ్వదు.

మామూలు సెట్టింగులో క్రాస్ బటన్ ఎక్సెలరేటర్, స్క్వేర్ ఆయుధం పేల్చడం, సర్కిల్ ఆయుధాన్ని మింగేయడం, అంటే పేల్చకుండా షిప్ ఎనర్జీగా మార్చుకోవడం. ఎల్2 ఎడమ ఎయిర్‌బ్రేక్, ఆర్2 కుడి ఎయిర్‌బ్రేక్. ఎడమ స్టిక్ పక్కలకు తిప్పడానికే కాదు, ముక్కు పైకెత్తడానికి, దించడానికి కూడా.

ఇప్పుడు ఎయిర్‌బ్రేక్. కారు బ్రేక్ చక్రాన్ని ఆపుతుంది. ఇక్కడ చక్రం లేదు కదా. షిప్‌కు ఒక పక్క రెక్క లేచి గాలిని అడ్డుకుంటుంది, ఆ పక్క వేగం తగ్గుతుంది, ముక్కు అటు తిరుగుతుంది. గోదాట్లో పడవకు ఒక పక్క తెడ్డు నీళ్లలో గట్టిగా నిలిపితే పడవ అటు తిరిగినట్టు. అంటే ఇది ఆగడానికి కాదు, తిరగడానికి. ఈ ఒక్క ముక్క బావమరిదికి రెండో రోజు బుర్రకెక్కింది.

చేతుల్లో అది ఇలా ఉంటుంది. కుడి మలుపు వస్తోంది. ముందు స్టిక్ కుడికి వాల్చండి. షిప్ వంగడం మొదలయ్యాక ఆర్2 సగం నొక్కండి, వేలి మొదటి కణుపుతో, పిండకుండా. షిప్ వెనకభాగం బయటికి జారుతున్నట్టు అనిపిస్తుంది. అనిపించగానే ఆర్2 వదిలేయండి, స్టిక్ మాత్రం ఇంకాసేపు అలాగే ఉంచండి. మలుపు అయ్యాక స్టిక్ వదలండి. వరుస గుర్తుపెట్టుకోండి: స్టిక్, బ్రేక్, బ్రేక్ వదలడం, స్టిక్ వదలడం. ఎక్సెలరేటర్ మీది బొటనవేలు ఈ మొత్తంలో కదలకూడదు.

అందరూ చేసే తప్పు బ్రేక్‌ను మలుపు పూర్తయ్యేదాకా పట్టుకోవడం. అప్పుడు షిప్ కావలసిన దానికన్నా ఎక్కువ తిరిగి లోపలి గోడకు గుద్దుకుంటుంది, దాన్ని సర్దడానికి ఎడమకు లాగితే బయటి గోడకు. సున్నం వేయడం అంటే అదే. మీ షిప్ వరుసగా రెండు గోడలకు తగిలిందంటే తిరగడం చేతకాక కాదు, వదలడం ఆలస్యమై. ఇది నేను మొదటి ఆరు నెలలు తెలుసుకోలేదు.

పది ల్యాపులు ఇలా తిరగండి. టైం చూడకండి. ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టండి, అంతే. ఒక ల్యాప్ మొత్తం తగలకుండా వచ్చిందా, అప్పుడు టైం చూడండి. మీరు కంగారుగా కొట్టిన ల్యాపుల కన్నా అది తక్కువ సమయంలోనే అయి ఉంటుంది.

చూపు ఎక్కడ పెట్టాలి

మా ఊరికి బస్సులో వెళ్తే పలమనేరు దాటాక మొగిలి ఘాట్ వస్తుంది. ఎప్పుడైనా ముందు సీటు దొరికితే డ్రైవర్ తలను గమనించండి. బస్సు ఒక వంపులో ఉండగానే ఆయన చూపు తర్వాతి వంపు మీద ఉంటుంది. కింద రోడ్డు వైపు చూడనే చూడడు. వైపౌట్‌లో మన కళ్లు మన షిప్‌కు అతుక్కుపోతాయి, ఎందుకంటే అది అందంగా ఉంటుంది, నడిమధ్యన ఉంటుంది. దాన్ని చూడటం మానేయండి. ట్రాక్ ఎక్కడ మాయమవుతోందో అక్కడ చూడండి. షిప్ ఓరచూపులో ఉంటే చాలు.

కష్టమైతే కెమెరా మార్చండి. వెనక నుంచి కనిపించే కెమెరా మొదట బాగుంటుంది. రేపియర్‌కు వచ్చాక నేను షిప్ అసలు కనిపించని ముక్కు కెమెరాకు మారిపోయాను. బావమరిది మారలేదు, నాకన్నా బాగానే ఆడతాడు. కాబట్టి ఇది మీ ఇష్టం.

ఇంకో చిన్న పని. ట్రాక్ మీద బాణం గుర్తుతో వెలిగే స్పీడ్ ప్యాడ్లు ఉంటాయి. వాటన్నిటి మీదుగా పోవాలని పాము మెలికలు తిరగొద్దు. మీ దారిలో ఉన్నవి చాలు. ఒక్క అడుగు పక్కన ఉంటే సైడ్‌షిఫ్ట్ వాడండి: ఎల్2 లేదా ఆర్2 రెండుసార్లు టకటకా నొక్కితే షిప్ ఆ పక్కకు ఒక్క గెంతు వేస్తుంది. ఎత్తు నుంచి కిందికి దూకేటప్పుడు నేల తాకే ముందు ముక్కు కాస్త పైకెత్తండి, దిగడం మెత్తగా ఉంటుంది.

ఆయుధాలు: పేల్చడం కన్నా మింగడం

ఇక రేసు. సింగిల్ రేస్ పెట్టండి, వెనమ్‌లోనే. ట్రాక్ మీది వెపన్ ప్యాడ్ మీదుగా పోతే ఏదో ఒక ఆయుధం చేతికొస్తుంది. కొత్తవాళ్లు వచ్చింది వచ్చినట్టు పేల్చేస్తారు. దీపావళి రోజు చిన్నపిల్లలకు సంచి ఇచ్చినట్టు.

ఇక్కడ మా ఆవిడ గురించి చెప్పాలి. ఆమెకు ఆటలంటే పడదు. ఒక ఆదివారం తమ్ముడు బలవంతం పెడితే ఆడింది. ఏ బటన్ ఏమిటో చెప్పమంటే సర్కిల్ ఒకటే గుర్తుపెట్టుకుంది. దొరికిన ప్రతి ఆయుధాన్నీ మింగేసింది, ఒక్కటీ పేల్చలేదు. దెబ్బలకు పోయిన ఎనర్జీ అంతా తిరిగొచ్చేసింది. పైలట్ అసిస్ట్ పెట్టుకుని, ఎనిమిది మందిలో మూడో స్థానంలో వచ్చింది. అదే రేసులో తమ్ముడు ప్లాస్మా అనే ఆయుధంతో గురి చూస్తూ గోడకు గుద్దుకుని, ఎనర్జీ అయిపోయి పేలిపోయాడు. "నువ్వు యుద్ధం చెయ్, నేను ఇంటికి పోతా" అంది.

అది వ్యూహం అని ఆమెకు తెలియదు గానీ, నిజంగా అదే వ్యూహం. గోడలకు తగిలినా, దెబ్బలు తిన్నా ఎనర్జీ తగ్గుతుంది, సున్నా అయితే రేసు అక్కడితో సరి. మింగితే ఆ ఎనర్జీ తిరిగి వస్తుంది. కాబట్టి మామూలుగా మింగండి. పేల్చడానికి కారణం ఉంటేనే పేల్చండి.

కారణాలు ఇవి. క్వేక్ వస్తే, మీ ముందు నలుగురైదుగురు ఉంటే, వెంటనే వదలండి. ట్రాక్ మొత్తం అలలా లేచి ముందున్నవాళ్లందరినీ కుదుపుతుంది, గురి అక్కర్లేదు. మీరే మొదటి స్థానంలో ఉంటే దాన్ని మింగడమే, ముందు కొట్టడానికి ఎవరూ లేరు కదా. టర్బో పొడవాటి తిన్నటి దారి వచ్చేదాకా దాచండి, మలుపులో నొక్కితే అది మీ మీద మీరే వేసుకున్న బాంబు. మైన్లు వెనక ఎవరైనా అంటుకుని వస్తుంటే ఇరుకు చోట జారవిడవండి. ఆటోపైలట్ కొన్ని క్షణాలు షిప్‌ను అదే నడుపుతుంది. మీకు ఎప్పుడూ కలిసిరాని మలుపు ఒకటుంటుంది చూడండి, దాని ముందు వాడుకోండి. ప్లాస్మా నొక్కాక కాస్త ఆగి గానీ బయటికి రాదు, ఈలోపు ఎదుటివాడు తప్పుకుంటాడు. ఏడాది ఆడేదాకా ప్లాస్మాను మింగండి.

షీల్డ్ మాత్రం మింగొద్దు, వెంటనే వాడొద్దు. మీ మీదికి మిసైల్ వస్తోందని ఆట గొంతెత్తి చెబుతుంది. అప్పుడు వాడండి. అందుకే సౌండ్ పూర్తిగా తీసేసి ఆడితే నష్టం. మా పై అంతస్తులో ఓనర్ ఆంటీ రాత్రి పదింటికి దిగి వచ్చి, "స్వల్ప సౌండ్ కమ్మి మాడి" (కాస్త సౌండ్ తగ్గించండి) అని కన్నడలో అన్న రోజు నుంచి కంట్రోలర్ కింద ఉన్న రంధ్రంలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటున్నాం. మామూలు 3.5 ఎంఎం పిన్ చాలు. ఆటలో వచ్చే ప్రాడిజీ, కెమికల్ బ్రదర్స్ వాళ్ల సంగీతం ఆ దెబ్బకు గోడల్లోంచి కాకుండా చెవుల్లోంచి పోతోంది. బావమరిది దాన్నీ తీసేసి స్పాటిఫైలో ఇళయరాజా పాటలు పెట్టుకున్నాడు. ఆ వేగానికి, ఆ వయొలిన్లకు కుదరదని నేనన్నాను. కుదిరింది.

బారెల్ రోల్

షిప్ గాల్లో ఉన్నప్పుడు ఎడమ స్టిక్‌ను ఎడమ-కుడి-ఎడమ, లేదా కుడి-ఎడమ-కుడి, చకచకా కొడితే షిప్ పల్టీ కొడుతుంది. నేలకు దిగగానే ఒక తోపు దొరుకుతుంది. దీనికి ధర మీ ఎనర్జీ. మింగడం నేర్చుకున్నాక ఈ పల్టీలు ఎందుకో అర్థమవుతుంది: ఆయుధాన్ని ఎనర్జీగా, ఎనర్జీని వేగంగా మార్చుకుంటున్నారు. ఒక్కసారికి పెద్ద తేడా ఉండదు. ప్రతి ల్యాప్‌లో ఒకే చోట తప్పకుండా కొడితే ఉంటుంది. ఎనర్జీ గీత అడుగంటినప్పుడు మాత్రం ఆశపడకండి. టైమ్ ట్రయల్‌లోకి వెళ్లి, ట్రాక్ మీద షిప్ గాల్లోకి లేచే చోట్లు ఏవో వెతికి, ఒక్కో చోట ఇరవై సార్లు కొట్టి చూడండి. చేతికి పట్టుబడేదాకా రేసులో వాడొద్దు.

జోన్

ఇది రోజూ పదిహేను నిమిషాలు ఆడాల్సిన మోడ్. ఎక్సెలరేటర్ ఉండదు, ఆయుధాలుండవు. షిప్ తనంతట తనే వేగం పెంచుకుంటూ పోతుంది, ఎనర్జీ ఉన్నంతసేపు మీరు నిలబడాలి. వేగాల పేర్లు ఫాంటమ్ దాటి సూపర్ ఫాంటమ్, జెన్ అంటూ పోతాయి, రంగులు మారిపోతుంటాయి. మీ చేతులు ఎంతదాకా నమ్మదగినవో ఇక్కడే తెలుస్తుంది. రేసులో ఫ్లాష్ కష్టంగా ఉన్నవాళ్లు వారం జోన్ ఆడి తిరిగొస్తే ఫ్లాష్ నిద్రపోతున్నట్టు అనిపిస్తుంది.

జోన్‌లో ఒకే చిట్కా. భయం వేయగానే రెండు బ్రేకులూ కలిపి నొక్కేస్తాం. అలా చేస్తే వేగం ఒక క్షణం తగ్గుతుంది, తిరగడం మాత్రం రాదు. ఆ క్షణంలో ఒక బ్రేకే నొక్కి ఉంటే మలుపు తిరిగేవారు. భుజాలు చెవుల దాకా లేచాయని గమనించారా, ఆపి మంచినీళ్లు తాగండి.

ఇద్దరు కలిసి

ఒకే టీవీలో తెర రెండుగా చీల్చి ఇద్దరు ఆడొచ్చు. రెండో కంట్రోలర్ కావాలి, అది కొత్తదే కొనండి. పాతది వచ్చిన చుట్టానికి ఇస్తే ఓడిపోయినప్పుడల్లా కంట్రోలర్ మీద నెపం పెడతాడు. బలాబలాలు సమానంగా లేకపోతే మా ఇంట్లో పద్ధతి ఇది: బాగా ఆడేవాళ్లు ఆయుధాలన్నీ మింగడమే, పేల్చకూడదు. వెనమ్‌లో మొదలుపెట్టి, ఎవరైనా వరుసగా మూడు గెలిస్తే వేగం ఒక మెట్టు పెంచండి.

పీఎస్4 లేనివాళ్లు, లాప్‌టాప్ మాత్రమే ఉన్నవాళ్లు బాలిస్టిక్‌ఎన్‌జీ అనే ఆట చూడండి. 2018లో వచ్చింది, తొంభైల నాటి వైపౌట్ రూపాన్నే కావాలని పట్టుకుని చేశారు, అందుకే పాత లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. పైన చెప్పిన ఎయిర్‌బ్రేక్ పాఠమంతా దానికీ పనికొస్తుంది. ఆఫీసు లాప్‌టాప్‌లో మాత్రం వద్దు, ఐటీ వాళ్ల మెయిల్ వస్తుంది.

బావమరిది వెళ్లే ముందు రోజు రాత్రి వినేటా కె మీద ఫాంటమ్‌లో నా ల్యాప్ టైం కొట్టేశాడు. స్క్రీన్ ఫొటో తీసి వాళ్లక్కకు పంపాడు, పక్క గదిలోనే ఉన్నా సరే. పొద్దున లేచి చూస్తే కంట్రోలర్ ఇంకా చార్జింగ్‌లోనే ఉంది, పక్కన కాగితం మీద రాసి పెట్టాడు: "బ్రేక్ వదులు బావా, లేటవుతోంది."